ఐజయా వంతు దెబ్బలు

డిసెంబర్ 13

ఐజయా వచ్చేడు. అమెరికా కాలేజీ నించి, నాలుగు నెలలకి. ఎయిర్‌పోర్టు నించి సార్ తీసుకొచ్చేరు. గుమ్మంలోనే నన్ను చుట్టేసేడు... "మిస్ పద్మా, పప్పు ఉందా?" నేను ఈ ఇంట్లో చేరినప్పుడు వాడికి పదేళ్ళు. అప్పుడు నేర్చుకున్న మాట. పంతొమ్మిదొచ్చినా అదే. ఉంది బాబూ. ఉండకేం. దోసకాయ పప్పు, నెయ్యి.

చిక్కిపోయేడు. మెడ దగ్గర ఎముకలు తేలేయి. వంటగట్టు దగ్గర నిలబడే తిన్నాడు. మేడం కూర్చోమంది. "విమానంలో కూర్చునీ కూర్చునీ వచ్చేనమ్మా, కాసేపు నిలబడనీ." మేడం నవ్వింది. సార్ నవ్వలేదు. వాడి వంక చూసేరు. ఫోను తీసుకుని బయటికి వెళ్ళిపోయేరు.

డిసెంబర్ 14

గది ఊడుద్దామని వెళ్తే కుళాయి కింద చెడ్డీలు ఉతుక్కుంటున్నాడు. ఇన్నేళ్ళలో జేబురుమాలు ఉతికినవాడు కాదు. ఇలా ఇచ్చెయ్ బాబూ అంటే బాత్‌రూం తలుపేసేసేడు. మేడంకి చెప్తే మురిసిపోయింది. "చూసేవా, కాలేజీ వాడిని మనిషిని చేసింది!"

దుప్పటి మీద మరకలు. ఎరుపు కాదు, పసుపూ కాదు. పుండు కారితే వచ్చే రంగు. ఆ రంగు నాకు తెలుసు.

డిసెంబర్ 15

కమోడ్‌లో నీళ్ళు టీ డికాషన్‌లా ఉన్నాయి. పెప్సీ పారబోసేడేమో అనుకున్నాను. అలా అనుకుంటే నాకు బాగుంటుందని అనుకున్నాను.

డిసెంబర్ 16

చూసేసేను.

ఉతికిన బట్టలు పెడదామని తలుపు తోసేను. గడియ పడలేదు. అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుంటూ మందు రాసుకుంటున్నాడు. నడుము కింద నించి తొడల దాకా... వాడి ఒళ్ళే నలుపు, దాని మీద వంకాయ రంగు ఇంకో నలుపు. రెండు చోట్ల చర్మం లేచిపోయింది.

"ఎవరు బాబూ? పోలీసులా?" అక్కడ నల్ల పిల్లలని పోలీసులు ఏం చేస్తారోనని మేడం ఎప్పుడూ భయపడుతూనే ఉంటుంది.

"కాదు. మా వాళ్ళే." నవ్వబోయేడు. నవ్వు రాలేదు.

సార్ వాళ్ళ సంఘంలో చేరుతున్నాడంట. మూడు గ్రీకు అక్షరాలు, నారింజ రంగు చొక్కాలు, ఒకరినొకరు అన్నా తమ్ముడూ అనుకునే ఆ సంఘం. చేరాలంటే కాలేజీలో చదివేటప్పుడే. ఊరికే చేర్చుకోరు. ఎనిమిది మందిని పొట్టివాడి నించి పొడుగువాడి దాకా వరసలో నిలబెడతారు. దాన్ని లైను అంటారు. వీడిది మూడో నంబరు. సెప్టెంబరు నించి వీడికి పేరు లేదు. పెద్దన్నలు 'త్రీ' అంటే పలకాలి. సంఘం పెట్టిన పెద్దల పేర్లు, వాళ్ళ చరిత్ర గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. ఒకడు తప్పితే ఎనిమిది మందికీ పడతాయి. వంగోబెట్టి, పిడి ఉన్న వెడల్పాటి చెక్కతో.

"వదిలేసి వచ్చెయ్యొచ్చు కదా?"

"నేను వచ్చేస్తే నా వంతు మిగతా ఏడుగురికీ పంచుతారు, మిస్ పద్మా."

ఇంత పెద్ద చదువు చదివి ఈ లెక్క ఎవడు కనిపెట్టేడో.

జనవరిలో ఒక్క వారం మిగిలిందంట. ఆఖరి వారం. అది దాటితే అయిపోయినట్టేనంట. నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు. చిన్నప్పుడు చాక్లెట్లు దాచినప్పుడు నేను నేర్పిన విద్యే. "అమ్మకి చెప్పనని ఒట్టు."

వేసేను.

డిసెంబర్ 17

రోజంతా హుఫూఫ్ ఇల్లు గుర్తొస్తోంది, ఈ సౌదీలో నేను మొదట పనికి చేరిన ఇల్లు. ఇస్త్రీపెట్టె. నా ఎడం మణికట్టు మీద దాని మొన ఇప్పటికీ తెలుస్తుంది. సార్ జబ్బ మీదా కాల్చిన గుర్తుంది. వాళ్ళ సంఘం అక్షరం, వేలెడంత, ఉబ్బి ఉంటుంది. కొత్తలో కాఫీ ఇస్తుంటే నా చెయ్యి చూసి "ఎవరు చేసేరు?" అన్నారు. పాత ఇంటావిడ అన్నాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. మరి మీకెవరు చేసేరు సార్ అంటే, "మా అన్నలు. నేనే అడిగి వేయించుకున్నాను" అని చొక్కా ఎత్తి గర్వంగా చూపించేరు. ఆ వేళ నాకు నవ్వొచ్చింది.

నేను పారిపోయేను. శుక్రవారం నమాజు వేళ గేటు తీసి ఉంటే, చెప్పుల్లేకుండా. వీడు టికెట్టు కొనుక్కుని మళ్ళీ దెబ్బలకి వెళ్తాడంట.

డిసెంబర్ 19, శుక్రవారం

ఏటా ఈ శుక్రవారం మనింట్లోనే. సార్ అన్నదమ్ములు నారింజ రంగులో, మేడం అక్కచెల్లెళ్ళు నెమలి రంగులో. ఇద్దరివీ వేరే వేరే సంఘాలు, చుట్టరికం ఒకటే. అజీజియాలో విదేశీయులుండే కాంపౌండ్ల నించి, జుబైల్ నించి, ఒకాయన బహ్రెయిన్ నించి వంతెన దాటి. ముప్పై మందికి వంట. కోడి వేపుడు, మొక్కజొన్న రొట్టె, నా పులిహోర. పులిహోర ముందు అయిపోతుంది.

నాకిది ఇష్టమైన రోజు. రాయకూడదా? ఇష్టమే. కొత్తగా వచ్చినవాడు ఎవరైనా సరే, ఆ చేతులు కలిపే తీరు చూసి గుండెలకి హత్తుకుంటారు. సార్‌కి అక్కడ ఉద్యోగం పోతే ఇక్కడికి పిలిపించింది ఒక అన్నే. సార్ వాళ్ళమ్మ పోయినప్పుడు విమానం దిగేసరికి పదకొండు మంది నల్ల కోట్లతో నిలబడ్డారంట, ఆయన ముందెన్నడూ చూడనివాళ్ళు. పేద పిల్లలకి పుస్తకాలు పంపిస్తారు. ఎవరో ఒకరు పాడతారు, అందరూ వరసగా నిలబడి కాళ్ళు నేలకేసి కొడుతూ చప్పట్లు తొడల మీద, మోకాళ్ళ కింద... గోడలు అదురుతాయి. అరవై ఏళ్ళ ముసలాయన కూడా. పోయినేడు గరిట పట్టుకుని నేనూ కాలు కదిపేను.

ఇవాళ కదపలేకపోయేను.

బహ్రెయిన్ ఆయన ఐజయా వీపు మీద చరిచేడు. "విన్నాను, నువ్వూ మా దారిలోనే ఉన్నావంట." వాడి మొహం ఒక్క క్షణం తెల్లబోయింది. వెంటనే నవ్వు తగిలించుకున్నాడు. "ఇప్పుడు కొట్టడాలు అవీ బంద్, రూలు ఉంది" అన్నాడు ఇంకొకాయన. అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేరు. సార్ గదిలో గోడకి ఆ చెక్క వేలాడుతూనే ఉంది. వార్నిషు, అక్షరాలు, ఇచ్చిన పెద్దన్న పేరు. ప్రతి గురువారం దుమ్ము తుడిచేది నేనే. అలంకారం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ప్లేట్లు తెస్తుంటే వంటగది వెనక సార్ గొంతు. "కూర్చోగలుగుతున్నావా?"

"ఫరవాలేదు నాన్నా."

"మా రోజుల్లో రెండు వారాలు కూర్చోలేదు." నవ్వు.

ఆయనకి తెలుసు. మొదటి రోజు నించీ తెలుసు.

డిసెంబర్ 20

వాంతులు. నొప్పి బిళ్ళలు పట్టెడేసి మింగుతున్నాడు. పాదాలు ఉబ్బేయి. నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది.

డిసెంబర్ 21

చెప్పేసేను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేను.

మేడం బట్టలు మడతపెడుతోంది. నేను చెప్తున్నంతసేపూ మడతపెడుతూనే ఉంది. వంకాయ రంగు అన్నాను. డికాషన్ అన్నాను. పాదాలు అన్నాను. తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"పద్మా, ఇది నీకు అర్థం కాదు."

ఏది అర్థం కాదు మేడం, దెబ్బా?

అప్పుడు చెప్పింది. ఆ రోజుల్లో తెల్లవాళ్ళ సంఘాల్లో గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కాదంట. హాస్టలూ లేదు, సాయమూ లేదు. అప్పుడు నల్లపిల్లలు తమకంటూ ఒక ఇల్లు కట్టుకున్నారంట ఈ పేరుతో. వాళ్ళ తాతలు, అమ్మలు అందరూ అందులోంచి నడిచి వచ్చిన వాళ్ళే. "బయట లోకం మమ్మల్ని ఎలాగూ కొడుతుంది. తట్టుకోవడం ఇంట్లోనే నేర్చుకుంటాం. నేనూ నడిచేను ఆ లైనులో."

మేడం మాట మీద నాకు గౌరవం. తొమ్మిదేళ్ళలో నా మీద గొంతు ఎత్తలేదు. అయినా అడిగేను: "మరి నేర్చుకున్నాడు కదా. చాలదా?"

"నీళ్ళు ఎక్కువ తాగమను వాడిని." తువ్వాళ్ళు అలమరలో ఒక పక్కకి ఒరిగిపోయేయి, సర్దలేదు.

డిసెంబర్ 22

మేడంకి చెప్పేనని ఐజయా నాతో మాట్లాడటం లేదు. పప్పు ప్లేటు గుమ్మం దగ్గర పెట్టింది పెట్టినట్టే ఉంది.

డిసెంబర్ 23

పొద్దుపోయింది. అయినా రాస్తాను.

సార్ జుబైల్లో, ప్లాంటు షట్‌డౌను పని. మేడం బహ్రెయిన్ వెళ్ళింది పండగ సామాన్లకి. పది గంటలకి గదిలో ఏదో పడ్డ చప్పుడు. వెళ్ళి చూస్తే మంచం పక్కన నేల మీద. మొహం ఉబ్బి వాడిలా లేడు. "బాత్‌రూంకి ఎప్పుడు వెళ్ళేవు?" అంటే "నిన్న... రావట్లేదు" అన్నాడు. మేడం ఫోను కలవదు. సార్ ఫోను లాకర్లో ఉంటుంది, ప్లాంటు లోపలికి తీసుకెళ్ళనివ్వరు.

కాంపౌండ్ డ్రైవరు గుల్ భాయ్‌ని కేకేసేను. "భాయ్, బచ్చా మర్ జాయేగా!" ఒక్క మాట అడగలేదు ఆ పఠాన్. ఎత్తి భుజాన వేసుకున్నాడు, ఆరడుగుల పిల్లాడిని.

ఆస్పత్రి కౌంటర్లో: నువ్వు వీడికి ఏమవుతావు? ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇకామా కార్డు చూసి వాడే రాసుకున్నాడు, ఖద్దామా. పనిమనిషి. సరే రాసుకో, లోపలికి తీసుకెళ్ళు.

డాక్టరమ్మ మనావిడే, నెల్లూరు. ఐజయా ఆమెతో "ఫుట్‌బాల్‌లో పడ్డాను" అన్నాడు. ఆ స్థితిలో కూడా. వాడు నా వంక చూసేడు. చెప్పొద్దని కళ్ళతోనే. నేను తెలుగులో చెప్పేసేను.

"కొట్టేరమ్మా. చెక్కతో. చాలా రోజులు."

ఆమె దుప్పటి ఎత్తి చూసింది. దించింది. పరీక్షలు చేయించి వచ్చి చెప్పింది. కండ నలిగి ఆ చెత్తంతా రక్తంలో కలిసిందంట. దాన్ని వడకట్టలేక కిడ్నీలు మూసుకుపోయేయంట. పైగా ఆ నొప్పి బిళ్ళలు. "ఇంకొక్క రోజు ఇంట్లో ఉంచుంటే గుండె ఆగిపోయేది, పద్మగారూ."

నన్ను 'గారూ' అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది.

"ఎక్కడ జరిగింది?"

"అమెరికాలో."

"మరి నేను ఎవరికి రిపోర్టు రాయను?" అంది, తనలో తనే.

డిసెంబర్ 24

మెషీను వాడి రక్తం తీసి కడిగి మళ్ళీ ఎక్కిస్తోంది. నాలుగు గంటలు. మేడం గాజు బయట నిలబడే ఉంది.

డిసెంబర్ 25

వాళ్ళ పండగ. చెట్టు కింద పొట్లాలు ఎవరూ విప్పలేదు. నేను క్యారేజీ తీసుకెళ్ళేను. కారిడార్లో సార్ గోడకి తల ఆనించి ఏడుస్తున్నారు. అంత పెద్ద మనిషి. నాకు జాలి రాలేదు. రాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాలేదు.

డిసెంబర్ 27

సార్ ఇంటికొచ్చి గోడ మీద చెక్క తీసేరు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. విరగ్గొడతారనుకున్నాను. చెత్తలో పారేస్తారనుకున్నాను. మెత్తటి గుడ్డలో చుట్టి అలమరలో కోట్ల వెనక పెట్టేరు. "ఆఫీసు వాళ్ళు పలకరించడానికి వస్తారు, చూస్తే బాగుండదు" అన్నారు, నేనేమీ అడక్కుండానే.

డిసెంబర్ 28

హాల్లో ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. నా చెవిన పడాలనీ లేదు, పడకూడదనీ లేదు.

మేడం: కాలేజీకి రాద్దాం.

సార్: "రాస్తే? కొట్టినవాళ్ళు నలుగురు. అందరూ మన పిల్లలే. ఇరవై ఏళ్ళ వాళ్ళు. జైలు. తెల్లవాళ్ళ సంఘాల్లో పిల్లలు తాగించి చంపినా పొరపాటు అంటారు. మన వాళ్ళయితే పేపర్లో మొహాలు వేస్తారు. అదే కావాలా?"

అందులో అబద్ధం లేదు. అదే కష్టం.

మేడం: "మన వాడి మొహం చూసేవా?"

తలుపు. దడాలున పడింది.

డిసెంబర్ 29

గిన్నెలు తోముతుంటే మేడం వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు వంటగదిలో.

"నేను పడ్డానని చెప్పేను కదా నీకు. మరుసటి ఏడాది నేనే పెద్దక్కని. అది చెప్పలేదు."

కుళాయి కట్టేసేను.

ఆరుగురు అమ్మాయిలంట. రోజూ చీకట్లోనే లేపడం, గుడ్లు పచ్చివి తాగించడం, తిట్టడం. ఒక పిల్ల చరిత్ర మధ్యలో మరిచిపోయింది. ఈవిడ చెంప మీద కొట్టింది. కొంచెం గట్టిగా. ఆ పిల్లకి ఆ చెవి మళ్ళీ వినపడలేదు. మెట్ల మీద జారిపడ్డానని చెప్పిందంట హాస్టల్లో. ఎవరి పేరూ చెప్పలేదు. అందుకు అందరూ ఆ పిల్లని మెచ్చుకున్నారంట. చేర్చుకున్నారంట.

"ఆ రోజు నాకు ఎలా ఉందో తెలుసా పద్మా? పండగలా ఉంది."

ఆ పిల్ల పేరేంటి మేడం?

"ఫైవ్" అంది. చాలాసేపు ఆలోచించింది. పేరు రాలేదు.

డిసెంబర్ 30

మేడంని తిట్టుకుంటూ పడుకున్నాను, తిట్టుకుంటూ లేచేను. పూరీ పిండి కలుపుతుంటే చెయ్యి ఆగిపోయింది.

నేను మాత్రం?

హుఫూఫ్‌లో రెండో ఏడు ఒక పిల్ల వచ్చింది, రాయచోటి పిల్ల, షాహీన. ఇరవై రెండేళ్ళు. నన్ను అక్కా అక్కా అని తిరిగేది. మేడమీది గదులు తుడవడం నా వంతు. దానికి తోసేసేను. తివాచీలు దులపడం నా వంతు. దానికే. చేతులు పుళ్ళు పడ్డాయక్కా అంటే "నేను పడలేదా?" అన్నాను. ఒక రోజు దల్లా, అరబ్బీ కాఫీ పోసే పింగాణీ కూజా, నా చేతిలో పగిలింది, ఇంటావిడకి ప్రాణమైనది. షాహీన పగలగొట్టిందని చెప్పేను. పక్క గదిలోంచి దాని ఏడుపు వింటూ ఉల్లిపాయలు తరిగేను.

అత్త కూడా ఒకింటి కోడలే అని నవ్వుకుంటాం.

పారిపోయిన రోజు దాన్ని లేపలేదు. ఒక్కదాన్నే వచ్చేను.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ కాగితానికే.

జనవరి 2

నిన్న ఇంటికి తెచ్చేరు. మెషీను అక్కర్లేదంట ఇక, కిడ్నీలు వాటంతట అవే పనిచేస్తున్నాయంట. రెండు నెలలు విశ్రాంతి. ఇంకో దెబ్బ పడితే మాత్రం తన పూచీ లేదంది డాక్టరమ్మ, వాడి మొహం మీదే.

ఈ వేళ పప్పు తిన్నాడు. కొంచెం. మాట్లాడేడు కూడా. ఫోను చూపించేడు. గ్రూపులో మెసేజీలు. వీడి స్నేహితుడు, సెలవులకి ఊరెళ్ళకుండా అక్కడే ఉన్న ఏడో నంబరు వాడు రాసేడు: త్రీ ఎక్కడ? నీవి నేను తింటున్నాను. వెనక ఒక నవ్వు బొమ్మ.

"వాడు నన్ను తిట్టట్లేదు, మిస్ పద్మా. నిజంగానే తింటున్నాడు."

"నువ్వు చచ్చిపోయేవాడివి బాబూ."

"తెలుసు. ఒక్క వారం. ఇంత పడ్డాక వదిలేస్తే పడ్డదంతా ఎందుకు పడ్డట్టు?"

హుఫూఫ్‌లో మూడేళ్ళు నేను అనుకున్నదీ ఇదే. ఇంత పడ్డాక ఇంకొన్నాళ్ళు...

జనవరి 4

తొమ్మిదో తారీకు టికెట్టు మార్చలేదు. క్లాసులకి వెళ్తానన్నాడు, లైనుకి కాదు. మేడం చేతులు పట్టుకుని మాటిచ్చేడు. మేడం నమ్మింది. నమ్మినట్టు కనబడింది. పంతొమ్మిదేళ్ళవాడిని కట్టేస్తామా అన్నారు సార్.

జనవరి 6

మేడం నాలుగు తెల్లకాగితాలు, పెన్నూ తెచ్చి బల్ల మీద పెట్టింది. "కాలేజీకి ఫిర్యాదు రాసేను. వాడు ఒప్పుకోడు, ఫుట్‌బాల్ అంటాడు. చూసినదానివి నువ్వే. నీ భాషలో రాయి. డాక్టరమ్మ ఇంగ్లీషులో పెడతానంది."

సాయంత్రం సార్ వచ్చేరు వంటగదికి. నెమ్మదిగానే మాట్లాడేరు. "రాయొద్దని నేను అనను పద్మా. నీ ఇష్టం. ఆ పిల్లల జీవితాలు కూడా ఆలోచించు." నీళ్ళు తాగేరు. గ్లాసు పెట్టేరు. "మార్చిలో నీ ఇకామా రెన్యూవల్ కదా. ఆఫీసులో నేనే మాట్లాడాలి."

బెదిరించేరని అనలేను. గుర్తుచేసేరు.

జనవరి 7

కాగితాలు తెల్లగానే ఉన్నాయి.

హుఫూఫ్ నించి పారిపోయి రియాద్‌లో షెల్టర్‌లో ఉన్నప్పుడు నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటాయన, పంపిన మనిషి ఒక కాగితం తెచ్చేడు. అరబ్బీలో. చదివి వినిపించేరు: నన్ను ఎవరూ కొట్టలేదు, ఇంటి మీద బెంగతో వచ్చేసేను. సంతకం పెడితే వారంలో ఎగ్జిట్, దేశం దాటే అనుమతి, అన్నాడు. మణికట్టుకి అప్పటికి ఇంకా కట్టు ఉంది. ఆ చేత్తో కాగితం కదలకుండా పట్టుకుని, ఈ చేత్తో సంతకం పెట్టేను. ఇంటికెళ్ళేను. రెండేళ్ళకి ఈ కంపెనీ వీసా మీద మళ్ళీ వచ్చేను.

షాహీన ఏమైందో తెలీదు. నేను ఎవరూ కొట్టలేదని రాసిచ్చిన ఇంట్లో అది ఉంది.

జనవరి 8

రాసేను. మూడు కాగితాలు. చూసింది చూసినట్టు. దుప్పటి, డికాషన్, పాదాలు, గుల్ భాయ్ భుజం. 'త్రీ' అన్నది కూడా. కింద పేరు, ఊరు, ఇకామా నంబరు. మేడం చేతికిచ్చేను. ఆవిడకి తెలుగు చదవడం రాదు కదా, అయినా మూడు కాగితాలూ తిప్పి చూసింది.

తరవాత వాడి గదికి వెళ్ళేను. వెనక నించి తెలిస్తే ఇంకా బాధ. సూట్‌కేసు సర్దుకుంటున్నాడు. చెప్పేను.

చేతిలో చొక్కా సూట్‌కేసులోకి విసిరేసేడు. "మా ఇంట్లోంచే చెప్పేరని అందరికీ తెలుస్తుంది. నన్ను సంఘంలో ఎవరూ అన్న అనరు. నాన్ననీ అనరు. జీవితాంతం."

"ఉంటేనే కదా బాబూ జీవితాంతం."

"నీకేం తెలుసు, పద్మా."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి, మిస్ లేకుండా.

జనవరి 9

వెళ్ళిపోయేడు. సార్ దింపేరు. నేను గేటు దాకా వెళ్ళేను. కారు అద్దం దించలేదు.

జనవరి 10

మేడంని అడిగేను, పంపించేరా అని. "రేపు" అంది. డాక్టరమ్మ ఇంగ్లీషు చేసి నిన్ననే ఇచ్చేసింది. బల్ల మీద కవరు కనబడుతోంది. దాని మీద మేడం కళ్ళజోడు.

సార్ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. నేను పెట్టింది తింటున్నారు.

జనవరి 11, ఆదివారం

దిగేనని నిన్న ఒక మెసేజ్. ఆ తరవాత ఫోను పలకటం లేదు. పొద్దున్న సార్ నోరు విప్పేరు... ఆఖరి వారంలో లైనులో ఉన్నవాళ్ళ ఫోన్లు పెద్దన్నలు తీసేసుకుంటారంట. చెప్పి, టిఫిను ముట్టకుండా జుబైల్ వెళ్ళిపోయేరు.

మేడం పాఠాలు చెప్పే స్కూలుకి ఇవాళ వెళ్ళలేదు. తొమ్మిదింటికి కవరు విప్పి, నా కాగితాలూ, ఇంగ్లీషువీ, డాక్టరమ్మ రిపోర్టూ ఫోటోలు తీసి పంపేసింది. పంపేనని నాకు స్క్రీను చూపించింది. రెండు రోజుల ముందు పంపొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది. ఏ మొహంతో అనను. నేనూ రెండు రోజులు కాగితాలు తెల్లగానే ఉంచేను.

ఇప్పుడు సాయంత్రం ఐదు. అక్కడ పొద్దున్న తొమ్మిదంట. మేడం కాలేజీకి ఫోను చేస్తోంది. ఒక నంబరు, ఇంకో నంబరు. స్పీకర్లో పెట్టింది, వంటగదిలోకి వినబడుతోంది. ఇక్కడ పని దినం. అక్కడ ఆదివారం, సెలవు. రింగవుతోంది. ఎవరూ ఎత్తటం లేదు. మళ్ళీ చేస్తోంది...